చిక్కుడు పాదుకు పేనుబంక: ఎంత మందు కొట్టినా పోదెందుకు?

రామచంద్రపురం: ధనుర్మాసం వచ్చిందంటే ఈ ప్రాంతంలో పెరటి పందిళ్ళ మీద చిక్కుడు విరగబూస్తుంది. సరిగ్గా ఆ సమయానికే పిలవని చుట్టం కూడా దిగుతుంది. లేత కొసలకు, పూగుత్తులకు, పిందెలకు మిరియాల పొడి అద్దినట్టు నల్లగా పట్టే పురుగు అది. సోమవారం చూస్తే నాలుగు ఉంటాయి. మళ్ళీ సోమవారం వచ్చేసరికి కాడ కనపడదు, పురుగే కనపడుతుంది. ఆకు ముడుచుకుంటుంది, పూత రాలుతుంది, కాయ గిడసబారుతుంది. చేత్తో ముట్టుకుంటే బంక అంటుకుంటుంది. కింద ఉన్న ఆకుల మీద మసి పూసినట్టు నల్లటి పొర పేరుకుంటుంది.

రామచంద్రపురంలోనూ, ద్రాక్షారామ, వెల్ల, హసన్‌బాద, వేగాయమ్మపేట వంటి చుట్టుపక్కల గ్రామాల్లోనూ ఈ పురుగును ఎరగని గృహిణి ఉండదు. సంక్రాంతికి చిక్కుడుకాయ కూర లేకపోతే జరగదు. ఆ తరువాత రథసప్తమి వస్తుంది. ఆనాడు పిడకల మీద పొంగించిన పాయసాన్ని సూర్యభగవానుడికి చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాలి, చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం కట్టాలి. మాఘమాసంలో పేనుబంక పట్టని చిక్కుడాకు ఏడు దొరకడం ఒక్కోసారి గగనమైపోతుంది.

దానితో ఇంటివారు చెయ్యకూడని పని ఒకటి చేస్తారు. వరికి కొట్టగా మిగిలిన మందు సీసా సావిట్లో ఏ మూలో ఉంటుంది. "మూతెడు కలిపి కొట్టెయ్యండి పిన్నిగారూ, పొద్దుటికల్లా రాలిపోతుంది" అని పక్కింటివారు సలహా చెబుతారు. రాలిపోయే మాట నిజమే. పది రోజుల్లో మళ్ళీ వచ్చే మాట కూడా అంతే నిజం. ఈసారి రెండు మూతలు కొడతారు. ఆ మధ్యలో కోసిన కాయలు మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటాయి.

పేరులోనే గుట్టు ఉంది

పేనుబంక అన్న పేరు పెట్టిన పూర్వులు ఈ పురుగును బాగా గమనించినవారే అయి ఉండాలి. తలలో పేను రక్తం పీల్చినట్టు ఇది మొక్క రసం పీలుస్తుంది. పీల్చిన దానిలో చాలా భాగాన్ని బంకగా వదిలేస్తుంది. ఈ రెండు పనులూ పేరులోనే వచ్చేశాయి.

బంక ఎందుకు వదులుతుందన్నది తెలుసుకోదగిన విషయం. మొక్క నాళాల్లో పారే రసంలో చక్కెర పాలు ఎక్కువ, ఒళ్ళు పెరగడానికి కావలసిన మాంసకృత్తుల పాలు బహు తక్కువ. ఆ కొంచెం కోసం పురుగు బోలెడంత రసం తాగవలసి వస్తుంది. అక్కరలేని తీపి నీటిని వెనుకనుంచి చుక్కలు చుక్కలుగా వదులుతుంది. ఆ తీపి ఆకుల మీద పడి, దాని మీద మసిబూజు పెరుగుతుంది. ఆకుకు ఎండ తగలకుండా చేసేది ఆ బూజే గాని, అది మొక్కను తినే తెగులు కాదు. పురుగు పోతే బూజు ఎండి, పొరలు పొరలుగా రాలిపోతుంది. బూజు చూసి తెగులు మందు కొనడం దండగ.

పెరట్లో యూరియా చల్లే అలవాటున్నవారు కూడా ఇక్కడొక సంగతి గమనించాలి. నత్రజని ఎక్కువైన మొక్క నవనవలాడుతూ లేత కొమ్మలు వేస్తుంది. దాని రసంలో పురుగుకు కావలసిన సరుకు కూడా పెరుగుతుంది. ముదురాకుపచ్చగా మెరిసే పాదు మీదికే పేనుబంక ముందుగా వస్తుంది. చేనికి వేసి మిగిలిన యూరియా గుప్పెడు పాదు మొదట్లో వెయ్యడమంటే పురుగుకు విస్తరి వేసినట్టే. పశువుల ఎరువు చాలు.

మగది లేకుండానే సంతానం

ఇన్నిసార్లు చంపినా మళ్ళీ ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న ఇప్పటిది కాదు. 1740వ సంవత్సరంలో జెనీవా నగరంలో చార్లెస్ బొనే అనే 20 ఏళ్ళ యువకుడు ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు. అప్పుడే పుట్టిన పేనుబంక పిల్లనొకదాన్ని, మరో పురుగు దరి చేరకుండా, ఒక కొమ్మతో సహా గాజుపాత్ర కింద బంధించాడు. ప్రతి రోజూ భూతద్దంతో చూస్తూ లెక్క రాసుకున్నాడు. మగదాని మొహమే ఎరగని ఆ పురుగు 21 రోజుల్లో 95 పిల్లలను కన్నది. మగ తోడు లేకుండా ప్రాణి పుట్టగలదని ఆనాటి పండితులకు నమ్మకం కుదిరించిన పరిశీలన అది.

మన వేడి ప్రాంతాల్లో పేనుబంక దాదాపు ఏడాది పొడవునా ఈ పద్ధతిలోనే పెరుగుతుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలను కంటుంది. ఆ పిల్ల కడుపులో మరుసటి తరం పిల్లలు అప్పటికే తయారవుతూ ఉంటాయి. కూతురు పుట్టేసరికే మనవరాలు సిద్ధమన్నమాట. పిల్ల పెరిగి తల్లి కావడానికి వారం పది రోజులు చాలు. ఒక్కొక్కటి 50 పిల్లలను కంటుందని, ఏవీ చావలేదని లెక్క వేసుకుంటే మూడో తరానికి లక్షా 25 వేలవుతాయి. ఆకు అడుగున దాగి మందు తగలకుండా మిగిలిన ఒక్క పురుగు చాలు, పందిరి మళ్ళీ నిండడానికి.

కాడ మీద చోటు చాలనప్పుడు మరో విచిత్రం జరుగుతుంది. అంతవరకు రెక్కలు లేకుండా పుట్టిన సంతానంలో కొన్నింటికి రెక్కలు వస్తాయి. అవి గాలివాటున ఎగిరి పక్కింటి పాదుకో, పక్క వీధికో చేరి అక్కడ కొత్త కాపురం పెడతాయి. అందుచేత ఒక్క ఇంటివారు శుభ్రం చేసుకుంటే సరిపోదు. గట్ల మీది గ్లైరిసీడియా చెట్టు, బొబ్బర్లు, మినుము చేలు ఇదే నల్ల పేనుబంకకు పుట్టిళ్ళు.

పురుగులన్నీ ఒకటి కావు

గన్నేరు కొసలకు, జిల్లేడు ఆకులకు పట్టే నిమ్మపండు రంగు పేనుబంకను చూసి, అది చిక్కుడుకు పాకుతుందని గన్నేరు చెట్టునే కొట్టించేవారున్నారు. ఆ భయం అక్కరలేదు. అది వేరే జాతి. గన్నేరు, జిల్లేడు వంటి పాలు కారే మొక్కలను పట్టుకునే ఉంటుంది. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుని శత్రువుల నుంచి తనను కాపాడుకుంటుంది.

మందారానిది మాత్రం వేరే కథ. దాని మీద పట్టే పచ్చని, ముదురు రంగు పేనుబంకే బెండకు, వంగకు, ఆనప, దోస జాతి పాదులకు, దూరాన ఉన్న పత్తి చేనుకు కూడా శత్రువు. మందారం ఏడాదంతా చిగురు వేసే మొక్క గనుక కూరగాయలు లేని రోజుల్లో అక్కడ తలదాచుకుంటుంది. బెండ మళ్ళు చల్లబోయే ముందు మందారం కొసలు తుంచి చూసుకోవడం మంచిది. చామంతికి పట్టే గోధుమ నలుపు పురుగు చామంతినే ఆశిస్తుంది. నిమ్మ, కరివేపాకు చిగుళ్ళకు పట్టేది మరొకటి.

తెల్లగా దూదిపింజల్లా కనిపించేది పేనుబంక కాదు, పిండినల్లి. ఆకు దులిపితే తెల్లగా లేచి మళ్ళీ వాలేది తెల్లదోమ. కొబ్బరాకుల అడుగున చుట్లు చుట్లుగా తెల్లటి మైనం పెట్టే సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు, కేరళ తోటల్లో బయటపడింది. ఆ తరువాత గోదావరి జిల్లాల కొబ్బరిని కూడా ముంచెత్తింది. దాని కింద పెరిగిన అరటాకు, జామాకు మసిబారడం చూసి పేనుబంక అనుకున్నవారు ఎందరో. ఆ దోమ మీద ప్రయోగించే ఇసారియా అనే శిలీంధ్రాన్ని అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా స్థానం వారు పెంచి రైతులకు అందించారు. ఏ పురుగో తెలియనప్పుడు పట్టిన కొమ్మనొకటి కవరులో పెట్టి, గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులకు చూపిస్తే సందేహం తీరుతుంది.

పొలం మందు పెరట్లోకి

పెరటి మొక్కల విషయంలో అసలు ప్రమాదం పురుగుతో లేదు, సీసాతో ఉంది. వరి పురుగు కోసం తెచ్చిన మందులలో ఏళ్ళ తరబడి ఊరూరా వాడుకలో ఉన్నది మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద దీని వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 2023లో ఆ 36 శాతం ద్రావణాన్నే నిలిపివేయాలని ఉత్తర్వు వెలువడింది. నువాన్ పేరుతో ఇళ్ళల్లో కూడా వాడిన డైక్లోర్వాస్‌కు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది. చీమలకూ, పేలకూ గమాక్సిన్ పొడి చల్లిన తరం ఇంకా ఉన్నది. ఆ పొడి 1997లోనే నిషేధంలోకి వెళ్ళింది. ఉత్తర్వులు వచ్చినా అటకల మీది పాత సీసాలు వాటంతట అవి దిగిపోవు.

ఖాళీ డబ్బా సైతం ఎంత పని చేస్తుందో చెప్పడానికి బీహారు ఉదంతం చాలు. 2013 జూలై 16న సారణ్ జిల్లా గండామన్ గ్రామంలోని ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం చేసిన పిల్లల్లో 23 మంది మరణించారు. మోనోక్రోటోఫాస్ ఉంచిన డబ్బాలో పోసిన నూనెతో ఆ వంట చేశారు. ఆ పిల్లలు పొలానికి వెళ్ళలేదు, మందు కొట్టలేదు, అన్నం తిన్నారు.

డబ్బా మీద త్రిభుజం గుర్తును చూడడం ఇంట్లో చదువురాని వారికి కూడా నేర్పవచ్చు. ఎరుపు అత్యంత విషం. పసుపు తీవ్ర విషం. నీలం మధ్యరకం. ఆకుపచ్చ తక్కువ రకం. ఆకుపచ్చ గుర్తున్నదంటే తాగినా ఏమీ కాదని కాదు. ఎరుపు, పసుపు గుర్తులున్న మందు పెరటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వచ్చిందంటే ఆ ఇంట్లో రోజు విడిచి రోజు కోసుకునే చిక్కుడు, బెండ, కరివేపాకులకు మందు ఆరే వ్యవధి ఎక్కడున్నది?

పైగా ఆ మందు ముందుగా చంపేది ఎవరిని? పేనుబంకను తినే పురుగులను. అవి నిదానంగా పెరుగుతాయి, పేనుబంక తొందరగా పెరుగుతుంది. మందు కొట్టిన పది రోజులకు కాపలాదారు లేని పొలంలా పందిరి మిగులుతుంది. ఇక మందుకు అలవాటుపడే విషయానికొస్తే, పొగాకును, మిరపను ఆశించే పచ్చ పేనుబంక ప్రపంచం మొత్తం మీద 70 పైచిలుకు మందులకు లొంగని శక్తి సంపాదించుకున్నదని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. మగది లేకుండా పెరిగే పురుగు గనుక తట్టుకున్న ఒక్క తల్లి బలం దాని సంతానమంతటికీ వస్తుంది.

ముందు నీళ్ళు, తరువాత సబ్బు

పేనుబంకకు తొలి వైద్యం నీళ్ళే. మూతిని మొక్కలో దించి కదలకుండా కూర్చునే పురుగును నీటి జల్లుతో విసురుగా కొడితే మూతి తెగి కిందపడుతుంది. పడినది మళ్ళీ పందిరెక్కడం అరుదు. జడివాన కురిసిన మర్నాడు పురుగు పలచబడడానికి కారణం ఇదే. మబ్బు పట్టి వాన పడని చలి రోజుల్లో విజృంభించడానికి కారణం కూడా ఇదే. మోటారు పైపు మూతికి వేలు అడ్డుపెట్టి, ఆకు పైన కాదు, అడుగున కొట్టాలి. పొద్దున్నే కొడితే ఎండకు ఆకులు ఆరతాయి. పూత మీద మాత్రం అంత విసురు పనికిరాదు. వరసగా మూడు రోజులు చేస్తే సగం పీడ పోతుంది. దానికన్నా ముందు, పురుగు దట్టంగా పట్టిన కొసలను తుంచి సబ్బు నీళ్ళ బకెట్టులో పడెయ్యాలి. దిబ్బ మీద విసిరేస్తే రెక్కల పురుగులు తిరిగి వస్తాయి.

తరువాతది సబ్బు నీళ్ళు. లీటరు నీటికి 5 గ్రాముల బట్టల సబ్బు తురిమి, కొద్ది వేడి నీటిలో కరిగించి కలపాలి. బట్టలుతికే పొడులు ఘాటు ఎక్కువ గనుక లేత ఆకులను మాడుస్తాయి, వాటికి పోకపోవడం మేలు. ఏ మొక్కకైనా ముందు రెండాకుల మీద చల్లి, మర్నాడు చూసి, మాడకపోతేనే మొత్తానికి వాడాలి. ఎండలో కొట్టకూడదు.

సబ్బు నీళ్ళు పని చెయ్యలేదని చాలామంది అంటారు. పని చేసే తీరు తెలియకపోవడం వల్లనే ఆ మాట వస్తున్నది. సబ్బు పురుగు ఒంటి మీది మైనపు పొరను, చర్మాన్ని పాడు చేసి చంపుతుంది. తడిగా తగిలిన పురుగే చస్తుంది. ఆరిన తరువాత దానిలో ఏ మహత్తూ లేదు. అందుచేత ఆకు అడుగున, ముడుచుకున్న చిగురు లోపల, పూగుత్తి సందుల్లో కారేటట్టు తడపాలి. తప్పించుకున్నవి వారం తిరగకుండా తల్లులవుతాయి గనుక నాలుగైదు రోజులకొకసారి, కనీసం మూడుసార్లు కొట్టాలి. ఒక్కసారి కొట్టి మానేస్తే అసలు కొట్టనట్టే.

వేపగింజల కషాయం దీనికన్నా గట్టిది. 50 గ్రాముల వేపపప్పు నలగ్గొట్టి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా ఉంచి, పొద్దున్న పిండి వడగట్టాలి. చిటికెడు సబ్బు కలిపితే ఆకుకు అంటుకుంటుంది. చల్లవలసినది సాయంకాలం. ఎండకు వేప గుణం త్వరగా విరిగిపోతుంది. వేప వెంటనే చంపదు. పురుగుకు తిండి మీద ఇష్టం పోగొడుతుంది, కుబుసం విడవనివ్వదు. మూడు నాలుగు రోజులు ఓపిక పట్టాలి. ఇక్కడ చిక్కేమిటంటే వేపపళ్ళు రాలేది జ్యేష్ఠ, ఆషాఢ మాసాల్లో, పేనుబంక వచ్చేది మార్గశిరం దాటాక. పళ్ళు రాలేటప్పుడే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఎండబెట్టి గోనెసంచిలో దాచుకున్నవారికే శీతాకాలంలో పప్పు దొరుకుతుంది. రంగు మారి బూజు పట్టిన పప్పు పనికిరాదు. దాచుకోనివారు అంగడిలో దొరికే వేపనూనెను లీటరు నీటికి 3 నుంచి 5 మిల్లీలీటర్ల చొప్పున సబ్బుతో కలిపి వాడుకోవచ్చు. ముందు సబ్బులో నూనె బాగా గిలక్కొట్టి తరువాత నీరు పొయ్యాలి. లేకపోతే నూనె పైకి తేలిపోయి ఆకులు మాడతాయి.

పెద్దవాళ్ళు చల్లే కట్టెల పొయ్యి బూడిదకు కూడా కొంత గుణమున్నది. మంచు తడి ఆరకముందే చల్లితే పురుగుకు అంటుకుని కొంత బాధిస్తుంది. కొద్దిగా పట్టినప్పుడు సరే, పందిరంతా పట్టిన తరువాత బూడిదతో పోదు. పైగా ఇప్పుడు బూడిద దొరికే ఇల్లేది?

పొగాకు కషాయం సంగతి

గోదావరి లంకల్లో పొగాకు పండే ప్రాంతం గనుక పొగాకు కషాయం ఇక్కడివారికి కొత్తది కాదు. మద్రాసు రాష్ట్రం రోజుల్లో వ్యవసాయ శాఖవారు పేనుబంకకు పొగాకు కషాయాన్ని, చేపనూనె సబ్బును సిఫార్సు చేసేవారు. పొగాకులోని నికోటిన్ రసం పీల్చే పురుగులను బ్రహ్మాండంగా చంపుతుంది. ఆ తరం వారు దానిని మంచి మందనడంలో తప్పు లేదు.

అయితే ఇంట్లో చేసుకున్నది గనుక హాని లేదనుకోవడం పొరపాటు. నికోటిన్ మనిషికీ విషమే. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. నికోటిన్ సల్ఫేటు మందును దేశంలో వాడకూడదని 1992లోనే నిషేధించారు. ఎగుమతి కోసం తయారీకి మాత్రం అనుమతి ఉంచారు. కాడలు మరిగించి చేసిన కషాయంలో నికోటిన్ ఎంత ఉన్నదో చేసినవారికే తెలియదు. మరో ప్రమాదం ఏమిటంటే పొగాకు ఆకులో ఉండే మొజాయిక్ తెగులు ఆ చేతుల ద్వారా, ఆ కషాయం ద్వారా టమాటా, మిరప మొక్కలకు అంటుకోవచ్చు. చుట్ట చుట్టిన చేతులతో టమాటా నారు పీకకూడదని చెప్పేది అందుకే. సబ్బు, వేప ఉండగా పొగాకు జోలికి పోవలసిన అవసరం లేదు.

చీమలు, అక్షింతల పురుగులు

పందిరి గుంజల వెంట చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయంటే పైన పేనుబంక ఉన్నదని అర్థం. చీమలు పురుగును తినడానికి పోవు, దాని బంక తాగడానికి పోతాయి. మనం గేదెను పాలు పితికినట్టే మీసాలతో తట్టి మరీ పితుకుతాయి. పాడిపశువును కాపాడుకున్నట్టు దాన్ని కాపాడతాయి కూడా. పేనుబంకను తినడానికి వచ్చిన పురుగుల మీద పడి తరిమేస్తాయి. చీమలను ఆపకుండా పేనుబంకను వదిలించడం కష్టం. పాత ఇళ్ళల్లో చీమలు పట్టకుండా తిండి గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టే ఉపాయం ఇక్కడ కూడా పనికొస్తుంది. గుంజకు గుడ్డపేలిక చుట్టి, దాని మీద గ్రీజు పూస్తే చీమల దారి మూసుకుపోతుంది. పాదు మొదలుకు నేరుగా గ్రీజు పూయకూడదు, బెరడు దెబ్బతింటుంది. కొస ఎక్కడా గోడకో, చెట్టుకో ఆనకుండా చూడాలి. ఒక్క తీగ ఆనినా చీమకు అదే వారధి.

ఆపవలసినవారు చీమలైతే, ఆహ్వానించవలసినవారు అక్షింతల పురుగులు. ఎర్రటి, నారింజ రంగు వీపు మీద నల్ల మచ్చలతో బోర్లించిన గిన్నెలా ఉండే ఈ పురుగును పిల్లలు అగ్గిపెట్టెల్లో పెట్టి ఆడుకుంటారు. దాన్ని ఎవరూ చంపరు. దాని పిల్లను మాత్రం చాలామంది చంపుతారు. కారణం అది తల్లిలా ఉండదు. నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలి ఆకారంలో నారింజ మచ్చలతో ఆకుల మీద చురుగ్గా పాకుతుంది. కొత్త పురుగు పట్టిందని నలిపేస్తారు. పేనుబంకను ఎక్కువగా తినేది ఆ పిల్లే. రోజుకు పదుల సంఖ్యలో తింటుంది. ఆకుపచ్చ జలగలా పాకే సిర్ఫిడ్ ఈగ పిల్ల, పలచని అల్లిక రెక్కల పురుగు పిల్ల కూడా మన పక్షమే. కదలకుండా ఉబ్బి, గోధుమరంగులో బుర్రలా ఎండిన పేనుబంకలు కనపడితే వాటిని కదపకూడదు. వాటి కడుపులో చిన్న కందిరీగ పిల్ల పెరుగుతూ ఉంటుంది. వీపున గుండ్రటి కన్నం ఉంటే అది అప్పటికే బయటికి పోయి మరోదాన్ని వెతుకుతున్నదన్నమాట.

ఈ మిత్రులను ఎక్కడి నుంచో కొనుక్కు రానక్కరలేదు. కాలువ గట్టున జిల్లేడు మీద చూస్తే పేనుబంకతో పాటు అక్షింతల పురుగులు కూడా కనపడతాయి. పిల్లలున్న ఆకును నెమ్మదిగా తుంచి తెచ్చి పందిరి మీద పెడితే సరి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. సబ్బు నీళ్ళు వీటికి కూడా తగులుతాయి గనుక, వీటి సంఖ్య బాగా ఉన్న కొమ్మలను తడపకుండా విడిచిపెట్టాలి.

కుండీల మొక్కలు

వరండాలో, ఇంటి లోపల పెంచే మొక్కల దగ్గర పేనుబంక ఇంకా మొండికేస్తుంది. అక్కడికి వాన రాదు, అక్షింతల పురుగు రాదు, గాలి ఆడదు. ఇల్లు దానికి కోట. కుండీ మొక్కకు మేలైన పని, దాన్ని పెరట్లోకి తీసుకుపోయి స్నానం చేయించడం. మట్టి జారకుండా కుండీ మూతికి గుడ్డ కట్టి, మొక్కను పక్కకు వంచి ఆకు అడుగులు కడగాలి. తరువాత సబ్బు నీటిలో ముంచిన మెత్తని గుడ్డతో ఒక్కో ఆకూ తుడవాలి. గులాబీ మొగ్గ కింది మెడలో, చామంతి చిగురు లోపల, పురుగు దాగి ఉంటుంది. అక్కడ వేలితో తుడిస్తేనే పోతుంది. గదిలో మందు పిచికారీ మాట తలపెట్టకూడదు. ఆ గాలినే ఇంటిల్లిపాదీ పీలుస్తారు.

ఎక్కువ ఇళ్ళకు ఈ పీడ కొత్త మొక్కతో వస్తుంది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం నర్సరీలు మనకు దగ్గర. దారిన పోతూ రెండు గులాబీలో, నాలుగు చామంతులో కొని తెచ్చుకోని కుటుంబం అరుదు. లక్షల మొక్కలు పక్కపక్కన పెరిగే చోట పురుగు ఉండడం నర్సరీవారి తప్పని చెప్పలేం. దేశమంతటికీ మొక్క పంపే వ్యాపారానికి పురుగు పేరు పడితే నష్టపోయేది ముందుగా వారే. కొనేవారు చెయ్యగలిగిన పని ఉన్నది. పువ్వు చూసి మురిసిపోకుండా ఆకు తిప్పి అడుగు చూడాలి, చిగురు విప్పి చూడాలి. ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా, వెలుతురులో పెట్టాలి. కనపడని నాలుగు పురుగులుంటే ఆ వ్యవధిలో కనపడే నలభై అవుతాయి. అప్పుడు ఒక్క కుండీతో పని పోతుంది.

పసుపు రంగు డబ్బా రేకుకు ఆముదమో గ్రీజో పూసి మొక్కల ఎత్తులో కడితే రెక్కల పేనుబంక దానికి అంటుకుంటుంది. ఈ పురుగుకు పసుపంటే మోజు. దీనితో పీడ పోదు గాని, వచ్చిందన్న వర్తమానం ముందుగా తెలుస్తుంది.

అరటి, బొప్పాయిల దగ్గర వేరే లెక్క

ఇంతవరకు చెప్పిన చోట్ల పురుగు రసం పీల్చి చేసే నష్టమే ఉన్నది. పెరటి బొప్పాయి దగ్గర పురుగు సంఖ్యతో పని లేదు. బొప్పాయి మీద పేనుబంక కాపురం పెట్టదు. ఎగురుతూ వచ్చి, రుచి చూడడానికి ఒక్కసారి మూతి గుచ్చి, నచ్చక పోతుంది. ఆ కొద్ది క్షణాలలోనే వలయపు మచ్చ తెగులు అంటించి పోతుంది. ఆకులు మచ్చలు పడి సన్నబడతాయి, కాయ మీద ఉంగరాలు పడతాయి. మందు కొట్టి చంపేలోగా పని జరిగిపోతుంది గనుక ఇక్కడ మందు వృథా. తెగులు సోకిన చెట్టును తీసెయ్యాలి. కొత్త మొక్కల చుట్టూ రెండు వరసల జొన్నో, మొక్కజొన్నో వేస్తే వచ్చిన పురుగు ముందు దాని మీద మూతి గుచ్చి, తెగులును అక్కడే వదిలించుకుంటుంది.

అరటిది మరీ ఖరీదైన వ్యవహారం. అరటి మొవ్వులో, మొదట్లో తొడిమల సందున దాగే ముదురు రంగు పేనుబంక వెర్రితల తెగులును మోస్తుంది. ఆకులు పొట్టివై, నిటారుగా, ఒకే చోట గుత్తిలా వస్తాయి. తొడిమ మీద ముదురాకుపచ్చ గీతలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చెట్టు గెల వెయ్యదు. ఆస్ట్రేలియాలో 1920 దశకంలో కొన్ని ప్రాంతాల అరటి సాగును ఈ తెగులు దాదాపు తుడిచిపెట్టింది. దాన్ని మోసేది పేనుబంకేనని అప్పుడే రుజువయింది. మన దేశంలో 1940 ప్రాంతంలో సింహళం నుంచి కేరళలోకి ప్రవేశించిందని చెబుతారు.

ఈ తెగులుకు మందు లేదు, దుంప తీసెయ్యవలసిందే. తీసే పద్ధతిలోనే చాలామంది దెబ్బతింటున్నారు. చెట్టును ముందు నరికితే రసం ఆగిపోయి, దానిమీది పేనుబంక తెగులు మూతులతో పక్క చెట్లకు చేరుతుంది. కనుక ముందు మొవ్వులోను, తొడిమల సందుల్లోను సబ్బు నీళ్ళు పోసి పురుగును చంపి, ఒక రోజు ఆగి, అప్పుడు దుంపతో సహా తవ్వి, ముక్కలు చేసి పాతిపెట్టాలి. ఆ దుంప పిలకలు పైకి ఎంత ఏపుగా ఉన్నా ఎవరికీ ఇవ్వకూడదు, కాలువలో పడెయ్యకూడదు. కొత్తగా అరటి వేసేవారు పిలకను చూసి కాదు, తల్లి చెట్టును చూసి తెచ్చుకోవాలి. గెల వేసిన తల్లి దగ్గర, చుట్టుపక్కల ఒక్క వెర్రితల కూడా లేని తోటలో పిలక తవ్వుకుంటే భయం తక్కువ.